రేషన్ బండా, డిపోనా: ఏది మేలు?

ఆంధ్రాలో జగన్ హయాంలో వీధుల్లోకి వచ్చి సరుకిచ్చిన రేషన్ బండ్లు ఆగిపోయి, మళ్ళీ డిపోలో, అంటే రేషన్ షాపులో, ఇవ్వడం మొదలై ఇన్నాళ్ళయినా, హైదరాబాద్‌లో ఉన్న చుట్టాలు, బెంగళూరులో ఉన్న స్నేహితులు ఫోన్ చేసినప్పుడల్లా అడిగేది ఒకటే. "బండి తీసేసి మంచి పని చేశారా, జనాన్ని ఇబ్బంది పెట్టారా?" అడిగేవాడు ఏ పార్టీవాడైతే ఆ పార్టీ జవాబు ముందే సిద్ధంగా పెట్టుకుని ఉంటాడు, అది నా నోటితో అనిపించాలని చూస్తాడు, అంతే. మాది గుంటూరు జిల్లా దుగ్గిరాల దగ్గర పల్లెటూరు. ఇంట్లో బియ్యం కార్డుంది. బండి నడిచినన్నాళ్ళూ బండి దగ్గర తీసుకున్నాం, 2025 జూన్ నుంచి డిపోలో తీసుకుంటున్నాం. కాబట్టి రెండిటి గురించీ చెప్పగలను.

బండి జగన్‌ది, డిపో చంద్రబాబుది అనుకుంటే ఇక మాట్లాడటానికేమీ మిగలదు. డిపో ఎవరిదీ కాదు. 1983లో ఎన్టీఆర్ కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చినప్పుడూ జనం నిలబడింది డిపో ముందే, వైఎస్ హయాంలోనూ అక్కడే. 2021లో 9,260 బండ్లు రోడ్డెక్కాక కూడా డిపోలు మూతపడలేదు. సరుకు గోడౌన్ నుంచి డిపోకే వచ్చేది, అక్కణ్ణుంచి బండిలోకి ఎక్కేది. అంటే డిపో పోయి బండి రాలేదు, మధ్యలో ఇంకో చెయ్యి పెరిగింది. (వచ్చిన కొత్తలో పంచాయతీ ఎన్నికల వేళ బండికి వేసిన పార్టీ రంగుల మీద పెద్ద గొడవే నడిచింది. ఆ రంగులు చూసి బియ్యం రుచి మారిందని మాత్రం మా ఊళ్ళో ఎవరూ అనలేదు.)

బండి వల్ల మేలు జరగలేదంటే అది అబద్ధం. ఇంటికే రేషన్ అని పేరే గానీ నిజానికి అది వీధి మొదట్లో ఆగేది. అయినా ఊరి ఆ చివరున్న డిపోకి వెళ్ళి రావడం కంటే నయమే కదా. నలుగురున్న కార్డుకి ఇరవై కిలోల బియ్యం. సైకిలుందా, మగపిల్లాడున్నాడా అని చూసుకోకుండా ఆడవాళ్ళు ఇద్దరు చెరో పక్కా పట్టుకుని ఇంట్లోకి తెచ్చుకునేవారు. అసలు మేలు ఇంకొకటుంది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. ఎస్సీ కాలనీవాళ్ళు డిపో డీలరు గారి అరుగు ముందు నిలబడి ఆయన ఎప్పుడు తలెత్తి చూస్తాడా అని కాచుకోవాల్సిన పని తప్పింది. బండి వాళ్ళ కాలనీలోకే వచ్చింది, దాన్ని నడిపింది కూడా చాలాచోట్ల ఎస్సీ, బీసీ కార్పొరేషన్ల సబ్సిడీతో, బ్యాంకు లోనుతో బండి తీసుకున్న ఆ కులాల కుర్రాళ్ళే. ఆ మర్యాదకి లెక్క కట్టడం కష్టం.

ఇంత చెప్పి కూడా నేను డిపో వైపే మొగ్గుతాను. దూరం, బరువు అందరూ మాట్లాడేవే. నా లెక్కలో తేల్చేది టైము.

మా వైపు పసుపు పనులు మొదలయ్యాయంటే ఆడకూలీల ఆటోలు తెల్లారి ఆరింటికల్లా బయల్దేరిపోతాయి, మళ్ళీ వచ్చేది పొద్దు వాలాకే. బండేమో మా వీధికి తొమ్మిదికో పదింటికో వచ్చేది. ఏ రోజు వస్తుందో డ్రైవరిష్టం. వచ్చిన రోజు ఇంట్లో మిషన్‌ మీద వేలిముద్ర పెట్టే మనిషి ఉండాలి. వేలంటే చిన్న విషయం కాదు, కార్డులో పేరున్నవాళ్ళ వేలే పడాలి, పక్కింటావిడ వేలు పనికిరాదు. ఆ రోజు పనికి పోతే బియ్యం పోయె, బియ్యం కోసం ఆగితే కూలి పోయె. ఒక రోజు కూలి పెడితే బయట ఇదే బియ్యం ఎన్ని కిలోలొస్తాయో కూలికెళ్ళే ఏ ఆడమనిషిని అడిగినా నోటిలెక్కన చెప్పేస్తుంది. బండి తప్పిపోయినవాళ్ళు డ్రైవరుకి ఫోన్ చేసి "ఎక్కడున్నావు బాబూ" అని అడుగుతూ పక్క ఊరిదాకా వెళ్ళడం నేను చూశాను. ఇంటికి రావాల్సిన బండి వెనక జనం తిరగడమేమిటో!

డిపో ఒకటో తారీకు నుంచి పదిహేను దాకా ఉంటుంది, ఆదివారాలు కూడా. పొద్దున ఎనిమిది నుంచి పన్నెండు, సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది. ఆ సాయంత్రం నాలుగు గంటల కోసమే నేను డిపోకి ఓటేస్తాను. ఏడింటప్పుడు మా డిపో దగ్గరికెళ్తే పసుపు చేతులతోనే వచ్చిన ఆడవాళ్ళు కనపడతారు. పొద్దస్తమానం పసుపు కొమ్ముల్లో నలిగిన వేలు మిషన్‌లో ఒక పట్టాన పడదు. వేలు కొంగుకి తుడుచుకుని, తలకి రాసుకుని, మళ్ళీ పెట్టి, "బొటనవేలు వద్దులే పిన్నీ, చూపుడు వేలు పెట్టు" అనిపించుకుని, చివరికి స్లిప్పు బయటికొస్తే హమ్మయ్య అంటారు. సర్వర్ పడిపోతే విసుక్కుంటూ వెళ్ళిపోతారు, కాకపోతే రేపొస్తారు. బండికి ఆ రేపు ఉండేది కాదు.

ఇంకో సంగతి, బండి ఎందుకు కుంటుపడిందో అడిగేవాళ్ళ కోసం. బండి ఒంటరిగా నడిచిన పద్ధతి కాదు, పథకాలు ఇంటింటికీ అందించడానికి జగన్ ప్రభుత్వం పెట్టిన వలంటీరే దానికి కాళ్ళూ కళ్ళూ. రేపు మన వీధికి బండి వస్తోంది అని ముందురోజు రాత్రే వాట్సాప్‌లో పెట్టేది అతనే, ముసలావిడ వేలు పడకపోతే తంటాలు పడేదీ అతనే. 2024 ఎన్నికలప్పుడు వలంటీర్లని పింఛన్ల పంపిణీకి దూరం పెట్టారు, ప్రభుత్వం మారాక ఆ వ్యవస్థే లేకుండా పోయింది. బండి మాత్రం ఇంకో ఏడాది దాకా తిరిగింది, కబురు చెప్పేవాడు లేకుండా. జనం బండి మీద చేసిన ఫిర్యాదుల్లో సగం ఆ ఏడాదివే అని నా అనుమానం. జగన్ అభిమానులు ఈ పాయింటు ఎందుకు గట్టిగా ఎత్తరో నాకు అర్థం కాదు.

తూకం సంగతంటారా, రెండు చోట్లా చేతివాటం ఉంది. తేడా ఎక్కడంటే, డిపోలో అరకిలో తగ్గితే మర్నాడెళ్ళి అడగడానికి ఒక తలుపుంది. మా డీలరుతో ఒకసారి పెద్ద మాటలే అయ్యాయి, కానీ ఆయన ఎక్కడికి పోతాడు, పొద్దున్నే టీకొట్టు దగ్గర ఎదురుపడాల్సిందే.

బియ్యం పక్కదారి పట్టడం ఆగుతుందని మాత్రం రెండు పార్టీలూ చెప్పాయి, రెండూ నమ్మదగ్గవి కావు. బండి ఇటు కదలగానే కిలో పదికో పన్నెండుకో కొనేవాడి మోటారు సైకిలు అటునుంచి వచ్చేది, ఇప్పుడది డిపో సందు చివర ఆగుతోంది. 2024 నవంబరులో పవన్ కళ్యాణ్ కాకినాడ పోర్టుకెళ్ళి ఓడని సీజ్ చెయ్యమన్నది ఇలా పోగైన బియ్యం గురించే. ఇంట్లో తినబుద్ధి కాని బియ్యం ఇస్తున్నంతకాలం ఎవరిచ్చినా అది అమ్ముడుపోతుంది. తెలంగాణలో 2025 ఏప్రిల్ నుంచి మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు. మన దగ్గర స్కూళ్ళకీ హాస్టళ్ళకీ సన్నబియ్యం వచ్చాయి గానీ కార్డుకి రాలేదు. మా ఇంట్లో స్టోరు బియ్యం దోశెల పిండికే వెళ్తాయి.

బియ్యానికి బదులు డబ్బులిస్తే పోలేదా అని కొందరంటారు. 2022లో ఆ మాట ఒకసారి లేచి పడుకుంది. డబ్బు ఏ ఖాతాలో పడుతుందో, దాన్ని ఇంట్లో ఎవరు తీస్తారో తెలిసినవాళ్ళకి దీని గురించి విడిగా చెప్పనక్కర్లేదు.

ముసలివాళ్ళ మాటకొస్తే మాత్రం డిపో ఓడిపోయినట్టే. అరవై అయిదు దాటినవాళ్ళకీ, వికలాంగులకీ ఇంటికే తెచ్చివ్వాలని నిబంధన ఉంది, వాళ్ళ సరుకు ముందు నెల ఆఖర్లోనే ఇచ్చేయాలి. మా ఊళ్ళో డీలరు కొన్ని ఇళ్ళకి కుర్రాణ్ణి పంపిస్తాడు, కొందరికి "ఎవర్నైనా పంపించు మామ్మా" అని ఫోన్ చేస్తాడు. పంపిస్తే వేలెవరిది పడుతుందో ఆయనకీ తెలుసు. ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళు మీవాళ్ళల్లో ఉంటే ఇరవై ఆరో తారీకు నుంచే డీలరు వెంటపడండి. వినకపోతే ఊళ్ళోని గ్రామ సచివాలయంలో కాగితం రాసివ్వండి, నోటిమాట పనికిరాదు.

సాయంత్రం ఆరింటికే షట్టరు దించేసే డీలరున్న ఊళ్ళో నా లెక్కంతా తలకిందులవుతుంది. అక్కడివాళ్ళు బండే మేలంటే నేను కాదనను. పాడేరు, అరకు వైపు కొండమీది ఊళ్ళకి కూడా ఇది వర్తించదు. అక్కడ డిపోకి రావడమంటే ఒక పూట నడక, బండేమో రోడ్డున్నంత వరకే వెళ్ళేది. వాళ్ళ సంగతి వాళ్ళనే అడగాలి.