లెక్కలు అడగని న్యాయస్థానం: ‘ఐ కేర్ ఎ లాట్’ సమీక్ష

నెట్‌ఫ్లిక్స్‌ విడుదల చేసిన ‘ఐ కేర్ ఎ లాట్’ చిత్రంలోని భయం విశాఖపట్నం ప్రేక్షకులకు పరాయిదిగా అనిపించదు. పిల్లలు అమెరికాలో స్థిరపడగా సీతమ్మధారలోనో, ఎంవీపీ కాలనీలోనో సొంత ఇంట్లో ఒంటరిగా మిగిలిన పెద్దవాళ్లు మనందరికీ తెలుసు. అలాంటి వృద్ధుల ఆస్తిని చట్టం అండతోనే కాజేసే మార్లా గ్రేసన్ కథను దర్శకుడు జె. బ్లేక్‌సన్ థ్రిల్లర్‌గా మలిచారు. ఆ పాత్రకు రోసమండ్ పైక్ 2021లో గోల్డెన్ గ్లోబ్ అందుకున్నారు; ఆ నటనకు అది తగిన గౌరవమే. కథను నమ్మించే తీరుపై మాత్రం నాకు గట్టి అభ్యంతరాలున్నాయి. వాటిని వివరించాలంటే ముగింపుతో సహా కథ చెప్పక తప్పదు.

ముందుగా ఒక విషయం స్పష్టం చేయాలి. ఒక డాక్టర్ మాట ఆధారంగా, జెన్నిఫర్ పీటర్సన్ అనే వృద్ధురాలికి కబురైనా అందకుండా, కోర్టు మార్లాను ఆమెకు గార్డియన్‌గా, అంటే ఆమె బాగోగులూ ఆస్తీ చూసే సంరక్షకురాలిగా నియమించడం, ఆ వెంటనే పోలీసుల సమక్షంలో ఆమెను ఇంటి నుంచి తరలించడం చాలామందికి అతిశయోక్తిగా తోస్తుంది. నిజానికి చిత్రంలో అన్నిటికంటే నమ్మదగిన భాగం అదే. అమెరికాలోని పలు రాష్ట్రాల్లో అత్యవసరమని చూపితే ముందస్తు నోటీసు లేకుండానే తాత్కాలిక గార్డియన్‌ను నియమించవచ్చు. నెవాడాలోని క్లార్క్ కౌంటీలో ఏప్రిల్ పార్క్స్ అనే ప్రైవేటు గార్డియన్ ఈ పద్ధతిలోనే వృద్ధులను తన అధీనంలోకి తీసుకుంది. 2019 జనవరిలో ఆమెకు 16 నుంచి 40 ఏళ్ల జైలుశిక్ష పడింది.

అసలు చిక్కు ఆ తరువాత మొదలవుతుంది. తాత్కాలిక నియామకం కొద్దికాలానికే పరిమితం. దానిని కొనసాగించాలంటే ఆ వ్యక్తికీ, బంధువులకూ నోటీసులిచ్చి మళ్లీ విచారణ జరపాలి. గార్డియన్ ఆస్తుల జాబితాను కోర్టుకు సమర్పించాలి, ఏటా జమాఖర్చులు చూపాలి, ఇల్లు అమ్మాలంటే సాధారణంగా న్యాయమూర్తి అనుమతి తీసుకోవాలి. చిత్రంలో ఇవేవీ కనిపించవు. జెన్నిఫర్‌ను తరలించీ తరలించగానే సామాను ఖాళీ చేయించి, గోడలకు రంగులు వేయించి, ఇంటిని అమ్మకానికి సిద్ధం చేస్తారు. నిజమైన మోసగత్తె ఈ అడ్డంకులన్నిటినీ దాటవలసి ఉంటుంది. ఎలా దాటుతుందన్నదే అసలైన ఉత్కంఠ కాగలిగేది. క్లార్క్ కౌంటీ ఉదంతం ఎక్కువగా బిల్లుల్లోనే నడిచింది: చేయని పనికి, పెంచి రాసిన గంటలకు వృద్ధుల ఖాతాల నుంచి సొమ్ము తీసుకున్నారు. దర్శకుడు ఈ భాగాన్ని వదిలేసి లాకర్‌లో వజ్రాలు పెట్టారు.

జెన్నిఫర్ తరఫున వచ్చిన న్యాయవాదిని, ఆమె తనను నియమించుకున్నట్టు నిరూపించలేడంటూ తిప్పి పంపే కోర్టు సన్నివేశం కూడా సగమే నిలుస్తుంది. ఆ వాదన చట్టపరంగా తెలివైనదే. అయితే ఆ న్యాయమూర్తికి జెన్నిఫర్‌ను పిలిపించి మాట్లాడాలని గానీ, వేరొక డాక్టర్‌తో పరీక్ష చేయించాలని గానీ ఒక్క క్షణమైనా తోచకపోవడాన్ని నేను ఒప్పుకోలేకపోయాను.

జెన్నిఫర్ కొడుకు రోమన్ నడిపే మాఫియా గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. వృద్ధాశ్రమం నుంచి ఒక్క తల్లిని బయటికి తేలేని ముఠా, శత్రువును నీటిలో ముంచి ఆమె చనిపోయిందో లేదో చూసుకోకుండా వెళ్లిపోయే ముఠా ఎవరినీ భయపెట్టదు. దానికంటే పెద్ద లోపం, మత్తుమందు ఎక్కించి రోడ్డు పక్కన వదిలేసిన రోమన్‌ను ఆసుపత్రిలో గుర్తుతెలియని రోగిగా నమోదు చేయగానే మార్లాయే అతనికీ గార్డియన్ కావడం. పోలీసులు వేలిముద్రలు సేకరించరా? మందు ప్రభావం దిగి స్పృహలోకి వచ్చినవాడిని అసమర్థుడని ఏ ఆధారంతో ప్రకటిస్తారు?

ఇది చూసినవారు రేపు మన ఊళ్లోనూ ఇలాగే జరుగుతుందేమోనని కంగారుపడనవసరం లేదు. మన దేశంలో వృద్ధులకు ఇలా అపరిచితులను వృత్తి గార్డియన్లుగా నియమించే వ్యవస్థ లేదు. ఇక్కడి మోసం గిఫ్ట్ డీడ్ మీదో, జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ మీదో సంతకం పెట్టించుకోవడంతో, తరచూ అయినవాళ్ల చేతుల మీదుగానే జరుగుతుంది. పోషణ చూస్తామన్న షరతుతో ఆస్తి రాయించుకుని మాట తప్పితే, 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టంలోని 23వ సెక్షన్ కింద ట్రైబ్యునల్‌ను ఆశ్రయించి ఆ బదిలీని రద్దు చేయించుకునే వీలుంది.

తల్లిని చూడనివ్వలేదన్న కోపంతో ఒక కొడుకు మార్లాను కాల్చి చంపడంతో చిత్రం ముగుస్తుంది. ఆ కొడుకు మొదటి సన్నివేశంలోనే కోర్టులో మొరపెట్టుకున్నాడు కనుక ఆ కోపం నమ్మదగినదే. కానీ క్లార్క్ కౌంటీలో ఏప్రిల్ పార్క్స్‌ను పట్టించింది తుపాకీ కాదు. కుటుంబాల ఫిర్యాదులు, స్థానిక విలేకరుల కథనాలు, దర్యాప్తు అధికారులు పరిశీలించిన లెక్కల పత్రాలు. మొదటి సగం కోసం ఈ చిత్రాన్ని తప్పక చూడవచ్చు. రోమన్ మనుషులు రంగంలోకి దిగాక మాత్రం తర్కాన్ని ఆశించవద్దు.