గనులు మూసేదెలా? రూర్, యార్క్‌షైర్, లింబర్గ్: ఏది మేలు?

జర్మనీ బొగ్గు గనులను నెమ్మదిగా మూసి బాగుపడిందనీ, బ్రిటన్ తొందరపడి చెడిందనీ ఒక మాట ప్రచారంలో ఉంది. అందులో సగమే నిజం. నెమ్మదికి జర్మనీ ఎంత మూల్యం చెల్లించిందో ఆ మాట అన్నవారు సాధారణంగా చెప్పరు. ఇదే పనిని పదేళ్లలో ముగించిన నెదర్లాండ్స్ ఊసే ఎత్తరు.

ముందు బ్రిటన్. 1947లో జాతీయం చేసిన గనులు ఎప్పుడో ఒకప్పుడు మూతపడక తప్పదని అందరికీ తెలుసు. 1960లలో వందలాది గనులు పెద్ద గొడవ లేకుండానే మూతపడ్డాయి కూడా. ఆ రోజుల్లో పని పోయిన వాడికి వేరే చోట పని దొరికేది. 1984 మార్చిలో మరో 20 గనులు మూస్తామన్నప్పుడు ఆ పరిస్థితి లేదు. ఆర్థర్ స్కార్గిల్ నాయకత్వంలోని గని కార్మికుల సంఘం ఏడాది పాటు సమ్మె చేసి ఓడిపోయింది. సమ్మె నాటికి దాదాపు 1.8 లక్షల మంది గనుల్లో ఉంటే, 1994లో ప్రైవేటుకు అప్పగించేసరికి 20 వేల మంది కూడా మిగల్లేదు. 1992 అక్టోబరులో 31 గనులు మూస్తున్నట్టు ఒకే ప్రకటనలో చెప్పారు. ముప్పై వేల ఉద్యోగాల సంగతి కార్మికులు వార్తల్లో విన్నారు!

ఖజానాకు ఇది చవక అనేవారున్నారు. నేను ఒప్పుకోను. పని పోయినవారికి పరిహారం ఒకేసారి ముట్టజెప్పారు, అంతే. ఆ తర్వాత యార్క్‌షైర్, వేల్స్, డరమ్ ప్రాంతాల్లో వేలాది మంది మాజీ కార్మికులు అనారోగ్య భృతి కిందికి చేరారు. నిరుద్యోగుల జాబితాలో వారి పేర్లు లేవు కాబట్టి లెక్క బాగానే కనిపించింది. భృతి మాత్రం దశాబ్దాల పాటు ప్రభుత్వమే కట్టింది. అంటే ఖర్చు తగ్గలేదు, వేరే పద్దులోకి మారింది. వేల్స్‌లో టవర్ గని కార్మికులు మాత్రం తలా 8 వేల పౌండ్ల పరిహారం సొమ్ము పోగేసి 1995లో తమ గనిని తామే కొనుక్కున్నారు. బొగ్గు అయిపోయేదాకా, 2008 వరకు, లాభంగా నడిపారు. గిట్టుబాటు కాదని ప్రభుత్వం మూసేసిన గని అది.

ఇప్పుడు జర్మనీ పశ్చిమాన ఉన్న బొగ్గు ప్రాంతం రూర్. 1957లో పశ్చిమ జర్మనీ బొగ్గు గనుల్లో సుమారు 6 లక్షల మంది ఉండేవారు. మరుసటి ఏడాదే చవక చమురు, దిగుమతి బొగ్గు దెబ్బకొట్టాయి. చివరి గని, బోట్రోప్‌లోని ప్రాస్పర్-హానియల్, మూతపడింది 2018 డిసెంబరులో. అరవై ఏళ్లు! 1968లో గనుల కంపెనీలను రూర్‌కోలె అనే ఒకే సంస్థ కిందికి తెచ్చారు. ఒక గని మూస్తే అందులోని వారిని పక్క గనికి పంపారు. వయసు పైబడినవారికి పింఛను అందేదాకా సర్దుబాటు భృతి ఇచ్చారు. గని మూసినందుకు ఎవరినీ వీధిన పడేయకూడదన్న మాటకు కట్టుబడ్డారు. 1951 చట్టం ప్రకారం బొగ్గు, ఉక్కు కంపెనీల పర్యవేక్షక మండలిలో సగం స్థానాలు కార్మిక పక్షానివే. వారి సమ్మతి లేకుండా అడుగు ముందుకు పడేది కాదు. మంచి బుద్ధి కన్నా ఈ చట్టమే ఎక్కువ పని చేసిందని నా అభిప్రాయం.

మేలు అక్కడితో ఆగలేదు. బోహుమ్ విశ్వవిద్యాలయం 1965లో తెరిచేదాకా ఆధునిక రూర్‌లో విశ్వవిద్యాలయమే లేదు. ఆ తర్వాత డోర్ట్‌మండ్‌లోనూ వచ్చింది. ఎసెన్‌లోని సోల్‌ఫెరైన్ గని 2001లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది.

మరి మూల్యం? దశాబ్దాల సబ్సిడీలన్నీ కలిపితే పది వేల కోట్ల యూరోలు దాటుతాయని అంచనాలు. ఇరవై ఏళ్ల పాటు ప్రతి ఇంటి కరెంటు బిల్లు మీద బొగ్గు సుంకం వసూలు చేశారు. రాజ్యాంగ న్యాయస్థానం అది చెల్లదన్నాకే ఆగింది. ఇందులో కార్మికుడి చేతికి అందిన భాగం గురించి నాకు పేచీ లేదు. దిగుమతి బొగ్గు కన్నా ఎన్నో రెట్లు ఖరీదైన బొగ్గును తవ్వి తీయడానికి పోసిన భాగమే దండగ. పైగా గనుల కంపెనీలు తమ భూములను కొత్త పరిశ్రమలకు అమ్మకుండా బిగబట్టాయి. 1962లో ఓపెల్ కార్ల కర్మాగారం బోహుమ్‌లో పాత గని స్థలంలో వెలిసింది కానీ, అలాంటివి అరుదు. అదీ 2014లో మూతపడింది. ఇన్ని చేసినా గెల్సెన్‌కిర్షెన్ నగరం జర్మనీలో నిరుద్యోగం అత్యధికంగా ఉన్న చోట్లలో ఒకటిగానే ఉండిపోయింది. నేల కుంగిపోవడంతో నీరు నిలవకుండా పంపులు ఎప్పటికీ తోడుతూనే ఉండాలి. అందుకోసం 2007లో పెట్టిన నిధి ఏటా 20 కోట్ల యూరోలకు పైగా ఖర్చు చేస్తోంది.

నెదర్లాండ్స్ దారి వేరు. అక్కడి గనులు దక్షిణాన ఉన్న లింబర్గ్ ప్రాంతంలో ఉండేవి. 1959లో గ్రోనింగెన్‌లో భారీ సహజవాయు నిక్షేపం దొరికింది. ఇక బొగ్గు దేనికి? 1965 డిసెంబరు 17న మంత్రి యోప్ డెన్ అయిల్ గనుల మధ్యనున్న హేర్లెన్ పట్టణానికే వెళ్లి, గనులన్నీ మూసేస్తున్నామని అక్కడివారి ముందే చెప్పాడు. 1974 చివరికి అన్నీ మూతపడ్డాయి. ఈలోగా ప్రభుత్వ గనుల సంస్థ డీఎస్‌ఎం రసాయనాల కంపెనీగా మారింది. డాఫ్ కార్ల కర్మాగారం బోర్న్‌లో వచ్చింది. గణాంక సంస్థ కొంత, పింఛను నిధి కొంత హేర్లెన్‌కు తరలాయి. 1976లో మాస్ట్రిక్ట్‌లో విశ్వవిద్యాలయం వచ్చింది. అయినా పోయిన 45 వేల ఉద్యోగాలకు ఇవి చాలలేదు. హేర్లెన్ చాలా ఏళ్లు నిరుద్యోగంతో, మాదకద్రవ్యాలతో వేగింది.

నన్ను ఎంచుకోమంటే, గనిలో పనిచేసేవాడిగా రూర్‌నే ఎంచుకుంటాను, సందేహం లేదు. పన్ను కట్టేవాడిగా, ఊరు బాగుండాలనుకునేవాడిగా అడిగితే మాత్రం లింబర్గ్ దారికి రూర్ హామీని జోడించమంటాను. ఎందుకంటే ఈ మూడింటినీ వేరుచేసేది వేగం కాదు, ఆఖరి తేదీ ముందే చెప్పారా లేదా అన్నది. డచ్చివారు పదేళ్ల ముందు చెప్పారు. బ్రిటన్ చెప్పనే లేదు. జర్మనీ 2007 దాకా చెప్పకుండా గనులు బతుకుతాయన్న ఆశను సబ్సిడీతో పోషించింది. ఆ ఏడాది 2018 అని తేదీ పెట్టాక, ఆఖరి పదకొండేళ్లు ఆశ్చర్యపోయేంత సాఫీగా జరిగిపోయాయి.

సింగరేణిలోనూ ఒకప్పుడు లక్ష దాటిన ఉద్యోగులు ఇప్పుడు నలభై వేల చుట్టూ ఉన్నారు. ఏ గని ఏ ఏడాది ఆగుతుందో, ఆ పట్టణానికి ఆ తర్వాత ఏం వస్తుందో చెప్పే పత్రం గోదావరిఖనిలోనూ కొత్తగూడెంలోనూ అందరి చేతుల్లో ఉండాలని నేను కోరుకుంటాను.

ఎవరినీ వీధిన పడేయకుండా గనులు మూయడం జర్మన్ల స్వభావంలోనే ఉందనుకునేవారు లౌసిత్స్ వైపు చూడాలి. 1989లో ఆ తూర్పు జర్మనీ ప్రాంతపు లిగ్నైట్ (నాసి రకం గోధుమరంగు బొగ్గు) గనుల్లో సుమారు 80 వేల మంది పనిచేసేవారు. దేశం ఏకమయ్యాక పదేళ్లు తిరిగేసరికి పది వేల మంది కూడా లేరు. బ్రిటన్ చేసినట్టే అక్కడ జర్మనీ చేసింది. 2020లో చట్టం చేసి బొగ్గు విద్యుత్తుకు 2038ని ఆఖరి గడువుగా పెట్టి, గనుల ప్రాంతాలకు నాలుగు వేల కోట్ల యూరోల దాకా ఇస్తామని చెప్పినప్పుడు, లౌసిత్స్‌లో చాలామంది నమ్మలేదు.