ఒక్క యుద్ధం లోతుగానా, పది యుద్ధాలు పైపైనా?

సైన్యంలో పై బాధ్యతలకు తయారుచేసే స్టాఫ్ కాలేజీ పరీక్షకు చదివే యువ ఆఫీసర్లు పదేపదే అడిగే ప్రశ్న ఇది: "సార్, టైమ్ తక్కువుంది. ఒక్క క్యాంపెయిన్‌నే పట్టుకుని చదవమంటారా, అన్నీ ఓసారి తిరగేయమంటారా?" మార్కుల కోసమైతే రెండోదే హాయి. రేపు కమాండ్‌లో పనికొచ్చే బుద్ధి కావాలంటే మాత్రం నా ఓటు మొదటిదానికే.

పది యుద్ధాలు చదవడం దండగని కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో నేర్చుకున్న పద్ధతినే నమ్ముకుని ఫ్రెంచి సైన్యం 1940లో ఆరు వారాల్లో కుప్పకూలింది. ఒక్క యుద్ధాన్నే కొలమానంగా పెట్టుకుంటే వచ్చే ప్రమాదం అదే. నాలుగు కాలాల యుద్ధాలు చూసినవాడు అంత తేలిగ్గా బోల్తా పడడు. అయితే పైపై చదువులో ఫలితం ముందే తెలిసిపోతుంది. మ్యాపు మీద బాణం గుర్తులు చూశాక గెలిచినవాడు మేధావి, ఓడినవాడు తెలివితక్కువవాడు. ఇక మనం ఆలోచించాల్సింది ఏముంటుంది?

నేను చూసేది ఒక్కటే. ఆ గంటకు ఆ కమాండర్‌కి ఏం తెలుసు, ఏం తెలియదు? యుద్ధశాస్త్రం రాసిన జర్మన్ సైనికుడు క్లాజవిట్జ్ కూడా పది ఘటనలను తడమడం కన్నా ఒక్కదాన్ని పూర్తిగా విప్పి చూడడమే మేలన్నాడు.

బంగ్లాదేశ్ యుద్ధంలో 1971 డిసెంబర్ 9 తీసుకోండి. అశూగంజ్ దగ్గర మేఘనా నది మీది రైలు వంతెనను పాక్ సైన్యం పేల్చేసింది. అవతలి ఒడ్డున భైరబ్ బజార్‌లో వాళ్ళ బలగం ఉంది. ఇవతల లెఫ్టినెంట్ జనరల్ సగత్ సింగ్ నడిపే మన నాలుగో కోర్, అంటే కొన్ని డివిజన్ల పెద్ద దళం. ఆ కోర్‌కు అప్పగించిన పని మేఘనా దాకానే, ఢాకా కాదు. చేతిలో ఉన్నవి కొన్ని ఎంఐ-4 హెలికాప్టర్లు. రెండు రోజుల ముందు సిల్హెట్ దగ్గర గూర్ఖాలను వాటితోనే దించారు, ఆ అనుభవం ఒక్కటే ధైర్యం.

ఇక్కడ పుస్తకం మూసేయండి. మీ ఆర్డర్ కాగితం మీద రాయండి. దించిన పటాలం మీదికి భైరబ్ బజార్ నుంచి శత్రువు వస్తే? ఫిరంగులు నది దాటేదెలా? రాయకుండా పేజీ తిప్పితే ఈ కష్టమంతా వృథా.

రాశాక తెరవండి. సగత్ సింగ్ భైరబ్ బజార్‌ని పక్కనపెట్టి, దానికి దక్షిణాన రాయ్‌పురా దగ్గర మనవాళ్ళను దించాడు. శత్రువు అక్కడే కూర్చుండిపోయాడు. కానీ కూర్చుంటాడని ఆ రాత్రి ఎవరికీ గ్యారంటీ లేదు. నీళ్ళలో ఈదే పీటీ-76 ట్యాంకుల ఇంజన్లు వేడెక్కిపోతే స్థానికుల పడవలు లాగాల్సి వచ్చింది. ఏ ప్లాన్‌లోనైనా ఇలాంటివి ఎన్ని ఎదురవుతాయో పైపై చదువులో కనబడదు.

1962 చైనా యుద్ధంలో ఈశాన్య సరిహద్దులోని నమ్‌కా చూ వాగు దగ్గర జరిగింది దీనికి తలకిందులు. అక్కడి కష్టం మన బ్రిగేడ్‌ని నడిపిన బ్రిగేడియర్ దల్వీకి కళ్ళెదుట కనిపిస్తూనే ఉంది. వేసవి బట్టలతో ఉన్న జవాన్లు, విమానాలు జారవిడిచే సరుకే ఆధారం. ఆర్డర్లు మాత్రం చాలావరకు ఆ నేల చూడనివాళ్ళ నుంచి వచ్చాయి. అక్టోబర్ 20న చైనా దాడితో బ్రిగేడ్ చెదిరిపోయింది. తెలిసినవాడు తెలియని పైవాళ్ళకు ఎలా చెప్పాలి, ఎప్పుడు గట్టిగా నిలబడాలి అన్నది కూడా ఆఫీసర్ తీర్పులో భాగమే కదా.

ఇక ఇసుకతో నేల నమూనా చేసి చూసే శాండ్ మోడల్, ఉత్తుత్తి యుద్ధం ఆడే వార్ గేమ్ సంగతి. త్వరగా నిర్ణయం తీసుకోవడం అలవాటవుతుంది, మంచిదే. కాకపోతే అక్కడ ఎవరికీ చలి వెయ్యదు, సరుకు లోయలో పడిపోదు. జనరళ్ళ ఆత్మకథలు సరదాగా ఉంటాయి, రాసినవాడు తనదే ఒప్పంటాడని గుర్తుపెట్టుకుని చదవండి. యూట్యూబ్ వీడియోలు రైలు ప్రయాణానికి చాలు.

మొదటి క్యాంపెయిన్‌గా ఏది తీసుకోవాలంటారా? 1971 మేఘనా. రెండు వైపుల ఆఫీసర్లూ రాశారు కాబట్టి ఒకరి మాటను ఇంకొకరి మాటతో సరిచూసుకోవచ్చు. 1962 ఓటమి మీద సైన్యం జరిపిన విచారణ, హెండర్సన్ బ్రూక్స్ రిపోర్టును ప్రభుత్వం ఇప్పటికీ అధికారికంగా విడుదల చెయ్యలేదు. అందుకే 1962ని రెండోసారికి ఉంచుకోండి.