మోకాళ్ల నొప్పుల "ఆయుర్వేద" పొడి కొనేవాళ్లు దయచేసి ఇది చదవండి

పొడి తెప్పించింది నేనే. అమ్మకి 62 ఏళ్లు, తెనాలిలో నాన్నగారితో ఉంటుంది. మోకాళ్ల నొప్పితో మెట్లెక్కలేకపోతోందని, పిన్ని పంపిన వీడియో చూసి ఫోన్‌లోనే ఆర్డర్ పెట్టాను. నెలకి సరిపడా డబ్బా 1,400 రూపాయలు. "నూటికి నూరు శాతం మూలికలు, సైడ్ ఎఫెక్ట్స్ ఉండవు" అని డబ్బా మీద రాసుంది. కింద ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు 14 అంకెలతో కనిపించేసరికి ప్రభుత్వం అనుమతి ఉందనుకున్నాను.

మూడో రోజుకే అమ్మ మేడ మీదికి వెళ్లి బట్టలు ఆరేసి వచ్చింది. ఏళ్ల తరబడి ఉన్న నొప్పి మూడు రోజుల్లో పోయిందంటే నాకు అప్పుడే అనుమానం రావాల్సింది. రాలేదు. సంతోషంతో ఇంకో మూడు డబ్బాలు తెప్పించాను.

రెండు నెలలయ్యేసరికి అమ్మ మొహం గుండ్రంగా తయారైంది. చూసినవాళ్లంతా "ఒళ్లు చేశావు, నిండుగా ఉన్నావు" అన్నారు. ఆకలి బాగా పెరిగింది. చేతుల మీద చిన్న దెబ్బ తగిలినా నల్లగా కమిలిపోయేది. పెళ్లికని ఊరెళ్లినప్పుడు డబ్బా మర్చిపోయింది. మూడో రోజు నుంచి వాంతులు, లేచి నిలబడితే కళ్లు తిరగడం, ఒళ్లంతా నొప్పులు. పెళ్లి భోజనం పడలేదనుకున్నాం. ఇంటికొచ్చి పొడి వేసుకోగానే సర్దుకుంది. దాంతో ఆ పొడి మీద మా నమ్మకం ఇంకా పెరిగింది.

తర్వాత నెలలో విపరీతమైన దాహం, రాత్రి నాలుగైదుసార్లు లేవడం మొదలైంది. పరీక్ష చేయిస్తే పరగడుపున షుగర్ 260. అంతకుముందు అమ్మకి షుగర్ లేదు. డాక్టరు గారు మొహం చూడగానే అడిగిన మొదటి మాట, "అమ్మా, నొప్పులకి పొడులు, పసరు మందులు ఏమైనా వాడుతున్నారా?" అమ్మ "మందులేం లేవండీ, ఆకుల పొడే" అంది. అబద్ధం చెప్పలేదు, అది మందని ఆమెకి తెలియదు. ఉదయం 8 గంటలకి రక్తంలో కార్టిసాల్ (ఒంట్లోనే సహజంగా తయారయ్యే స్టెరాయిడ్ హార్మోను) పరీక్ష చేయిస్తే చాలా తక్కువగా వచ్చింది.

ఆయన చెప్పింది నాకు అర్థమైనంత వరకు ఇది. ఇలాంటి పొడుల్లో డెక్సామెథాసోన్, ప్రెడ్నిసోలోన్ లాంటి స్టెరాయిడ్లు కలిపి అమ్మేవాళ్లున్నారు. స్టెరాయిడ్ వాపుని వెంటనే అణిచేస్తుంది, అందుకే నొప్పి చిటికెలో పోతుంది. కానీ అది షుగర్, బీపీ పెంచుతుంది, ఎముకల్ని గుల్ల చేస్తుంది. మూత్రపిండాల పైన ఉండే అడ్రినల్ గ్రంథులు మామూలుగా కార్టిసాల్ తయారు చేస్తాయి. బయటి నుంచి స్టెరాయిడ్ వస్తూ ఉంటే అవి పని మానేస్తాయి. అలాంటప్పుడు పొడి ఒక్కసారిగా ఆపితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. పెళ్లిలో వచ్చిన వాంతులు భోజనం వల్ల కాదని ఆయన అన్నప్పుడు నా చేతులు వణికాయి.

అందుకే ఒక మాట గట్టిగా చెప్తున్నాను. ఇలాంటి పొడి వారాల తరబడి వాడుతున్నవాళ్లు, ఇది చదివి భయపడి ఈరోజే చెత్తబుట్టలో పడేయకండి. డబ్బా పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఎలా తగ్గించుకుంటూ రావాలో ఆయనే చెప్పాలి. వాంతులు, నీరసం, కళ్లు తిరగడం మొదలైతే తెల్లారేదాకా ఆగకండి, ఆసుపత్రికి పరిగెత్తండి.

ఇక నేను మోసపోయిన ఆ నంబరు సంగతి. ఎఫ్ఎస్ఎస్ఏఐది తిండి పదార్థాల లైసెన్సు. జబ్బు తగ్గిస్తుందని చెప్పుకునే మందుకి అది చెల్లదు. అసలైన ఆయుర్వేద మందు మీద తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, తయారుచేసినవాళ్ల పూర్తి చిరునామా, ఏమేం కలిపారో ఆ జాబితా ఉండాలి. మా డబ్బా మీద ఊరి పేరు తప్ప చిరునామా లేదు. కీళ్లవాతం, షుగర్ లాంటివి నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వడం 1954 నాటి చట్టం ప్రకారమే నేరమని కూడా తర్వాతే తెలిసింది. అమ్మినవాళ్లకి ఫోన్ చేసి అడిగితే "వేడి చేసిందేమో, మజ్జిగ తాగించండి" అన్నారు. మర్నాటి నుంచి ఫోనెత్తలేదు. మిగిలిన రెండు డబ్బాలు, డబ్బు కట్టిన రసీదు ఔషధ నియంత్రణ శాఖ వాళ్లకి ఇచ్చి ఫిర్యాదు చేశాను. మీ దగ్గరా సగం వాడిన డబ్బా ఉంటే సీలు, కవరు, బిల్లుతో సహా దాచండి. మందుల వల్ల వచ్చిన ఇబ్బందిని 1800-180-3024కి ఫోన్ చేసి చెప్పొచ్చు, డబ్బులు పడవు.

మీ అమ్మానాన్నల్ని "ఏ మందులు వాడుతున్నారు?" అని మాత్రమే అడిగితే సరిపోదు. పొడి, లేహ్యం, తైలం, టానిక్, పక్కింటివాళ్లిచ్చిన మాత్ర, ఒక్కోటీ పేరు పెట్టి అడగండి. మేం అలా అడగలేదు.

అమ్మకి ఇప్పుడు డాక్టరు రాసిచ్చిన స్టెరాయిడ్ చిన్న డోసులో నడుస్తోంది, కొద్దికొద్దిగా తగ్గిస్తున్నారు. మోకాళ్ల నొప్పి మళ్లీ వచ్చింది, ఫిజియోథెరపీకి తీసుకెళ్తున్నాం. వచ్చే నెల మళ్లీ కార్టిసాల్ పరీక్ష ఉంది.