శంషాబాద్ నుంచి రేణిగుంటకి: గాల్లో గంట, నేల మీద ఆరు

శంషాబాద్ నుంచి రేణిగుంట ఎయిర్‌పోర్టుకి సూటిగా కొలిస్తే దాదాపు 420 కిలోమీటర్లు. కర్నూలు, కడప మీదుగా రోడ్డున వెళ్తే 500 దాటుతుంది. టికెట్ మీద ప్రయాణం గంటా పావు అని ఉంటుంది. అది చూసే అమ్మానాన్నలతో తిరుమల వెళ్లడానికి ఈసారి విమానం బుక్ చేశాను.

మాకొచ్చింది రెక్కలకి పంకాలుండే ఏటీఆర్. జెట్ కంటే వేగం తక్కువే కానీ, ఇంత చిన్న దూరంలో ఆ తేడా పెద్దగా తెలియదు. పైన సామాన్ల అర చాలా ఇరుకు. ట్రాలీ బ్యాగు పట్టక విమానం దగ్గరే తీసుకుని కింద సామాన్ల అరలో వేశారు. ఎక్కేందుకు నాలుగైదు మెట్లే కాబట్టి మోకాళ్ల నొప్పులున్న అమ్మకి ఇబ్బంది లేకపోయింది. ఈ రెండు ఊళ్ల మధ్య గీత గీస్తే అది ఇంచుమించు శ్రీశైలం మీదుగా పోతుంది. మబ్బుల సందులోంచి కృష్ణ కనబడగానే నాన్న సీట్లోంచే దణ్ణం పెట్టారు.

అసలు టైమంతా తినేసేది నేలే. కూకట్‌పల్లిలో తెల్లవారుజామునే బయల్దేరాలి. చెకిన్ కౌంటర్ గంట ముందే మూసేస్తారు, పైగా సెక్యూరిటీ క్యూ. దిగాక బ్యాగుల కోసం కాసేపు, తిరుపతికి పదిహేను కిలోమీటర్లు, అలిపిరిలో సామాన్లన్నీ దింపి స్కానింగు. ఆపైన ఘాట్ రోడ్డు. 28 నిమిషాల లోపు పైకి చేరకూడదని నిబంధన, కాబట్టి డ్రైవర్‌ని తొందరపెట్టి లాభం లేదు. గది తాళం చేతికొచ్చేసరికి మధ్యాహ్నం భోజనాల వేళ అయింది.

అదే నారాయణాద్రి రైలైతే సాయంత్రం లింగంపల్లిలో ఎక్కి పడుకుంటే తెల్లారేసరికి తిరుపతిలో దిగుతాం. స్టేషన్ ఎదురుగానే టీటీడీ వసతి గృహం విష్ణునివాసం. స్నానం చేసి కొండెక్కే బస్సు పట్టుకోవచ్చు. ఒంట్లో ఓపికున్నవాళ్లకి నా ఓటు రైలుకే. పగలు వెళ్లాలంటే సికింద్రాబాద్ నుంచి వందేభారత్ ఉంది, ఎనిమిది గంటల పైచిలుకు కూర్చోగలిగితే. రాత్రంతా బెర్తు మీద నిద్రపట్టని పెద్దవాళ్లుంటే మాత్రం డబ్బు ఎక్కువైనా విమానమే నయం.

బసకి కొండ మీద గది ముందే దొరికితే సరే. లేదంటే కింద టీటీడీ వసతి గృహాలే చూసుకోండి. తిరుగు ప్రయాణానికి ముందు రాత్రి మేం దిగిన ప్రైవేటు లాడ్జిలో 24 గంటల చెకౌట్ అని ఫోన్లో చెప్పి, తీరా పొద్దున్నే తలుపు కొట్టారు. వాదించే ఓపిక లేక ఖాళీ చేశాం.

తిరుగు విమానం పట్టుకోవాలంటే కొండ దిగడానికే 40 నిమిషాలు వేసుకోండి, అంతకంటే ముందు దిగనివ్వరు. విమానం టైముకి కనీసం నాలుగు గంటల ముందే గది వదలండి. లడ్డూలు మాత్రం చేతి బ్యాగులోనే పెట్టుకోండి. కింద వేసిన బ్యాగులో అవి పొడి పొడి అయిపోతాయి.