తుఫానులో ఒక్క రిపోర్టూ పోనివ్వని క్యూ: మిర్త్ కనెక్ట్ వాడకం

ల్యాబ్, హాస్పిటల్ సాఫ్ట్‌వేర్ల మధ్య మెసేజ్‌లు చేరవేసే ప్రోగ్రామ్ మిర్త్ కనెక్ట్. అందులో మెచ్చుకోవలసింది ఒక్కటి ఏరమంటే, అవతలికి పోని మెసేజ్‌లని దాచి మళ్లీ పంపే డెస్టినేషన్ క్యూ పేరే చెప్తాను. ఛానల్ (మెసేజ్ వెళ్లే దారి) కట్టడం, హెచ్‌ఎల్‌7 (వైద్య సమాచారం పంపుకునే ప్రమాణం) సెగ్మెంట్లు, ట్రాన్స్‌ఫార్మర్‌లో (మెసేజ్‌ని మార్చే చోట) జావాస్క్రిప్ట్ రాయడం ఈ పనిలో ఉన్నవాళ్లకి తెలిసినవే, వాటి జోలికి పోను.

మా వాడకం ఇదీ. అమలాపురంలో ల్యాబ్, కాకినాడలో హాస్పిటల్. ల్యాబ్ సాఫ్ట్‌వేర్ ప్రతి రిపోర్టునీ ఓఆర్‌యూ (హెచ్‌ఎల్‌7లో ఫలితాలు పంపే రకం) మెసేజ్‌గా పక్కనే ఉన్న మిర్త్ సర్వరుకి ఇస్తుంది. మిర్త్ దాన్ని వీపీఎన్ మీదుగా కాకినాడలోని హాస్పిటల్ సాఫ్ట్‌వేర్‌కి ఎంఎల్‌ఎల్‌పీలో (హెచ్‌ఎల్‌7 మెసేజ్‌లని నెట్‌వర్క్ మీద పంపే పద్ధతి) పంపుతుంది. కోనసీమలో ఆ దారికి భరోసా లేదు. ఫైబర్ కరెంటు స్తంభాల మీదుగానే వస్తుంది. గాలికి ఒక కొబ్బరి మట్ట పడ్డా తెగుతుంది, స్తంభమే ఒరిగితే ఎప్పుడొస్తుందో చెప్పలేం.

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటినప్పుడు ఈ క్యూ విలువేంటో బాగా తెలిసింది. జనరేటరు మీద ల్యాబ్ మెషీన్లు నడుస్తూనే ఉన్నాయి, రిపోర్టులు తయారవుతూనే ఉన్నాయి, కాకినాడకి మాత్రం లైను లేదు. ల్యాబ్ సాఫ్ట్‌వేర్‌కి ఆ సంగతే తెలియలేదు. ఎప్పటిలాగే మిర్త్‌కి మెసేజ్ ఇచ్చింది, ఆక్ (‘అందింది’ అనే జవాబు) తీసుకుంది, తర్వాతి శాంపిల్‌కి వెళ్లింది. డ్యాష్‌బోర్డులో ‘క్యూడ్’ కింద అంకె పెరుగుతూ పోయింది. మధ్యలో సర్వరు ఆగి మళ్లీ లేచినా ఒక్క రిపోర్టూ పోలేదు. ఆ క్యూ ఉండేది మెమరీలో కాదు, డేటాబేస్‌లో.

ఈ నమ్మకం ఇన్‌స్టాల్ చేయగానే రాదు. ఛానల్‌లో మెసేజ్ స్టోరేజ్ ‘డెవలప్‌మెంట్’ లేదా ‘ప్రొడక్షన్’ దగ్గరే ఉండాలి. డిస్కు మిగులుతుంది కదా అని ‘మెటాడేటా’కి దించితే మళ్లీ పంపడానికి అసలు మెసేజే మిగలదు. డెస్టినేషన్‌లో ‘క్యూ మెసేజెస్’ని ‘ఆల్వేస్’ చేయాలి. ‘ఆన్ ఫెయిల్యూర్’ అయితే ముందు ఒకసారి పంపి చూస్తుంది, ఆ కాసేపూ ఇవతల ల్యాబ్ సాఫ్ట్‌వేర్ ఆక్ కోసం కాచుకునే పరిస్థితి రావచ్చు. మూడోది డేటాబేస్. మిర్త్‌తో పాటు వచ్చే డెర్బీ నేర్చుకోవడానికి సరిపోతుంది గానీ, కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని చోట పేషెంట్ల రిపోర్టులు దాని మీద పెట్టకూడదు. మొదటి రోజే పోస్ట్‌గ్రెస్ పెట్టుకోండి, తర్వాత మార్చడం తలనొప్పి.

లైను వచ్చాక జరిగింది కాస్త వివరంగా చెప్పాలి. ఆగిపోయిన మెసేజ్‌లన్నీ లాకులు ఎత్తినట్టు ఒక్కసారిగా కాకినాడ మీద పడ్డాయి. మామూలు రోజున హాస్పిటల్ సాఫ్ట్‌వేర్ సెకనులోపే ఆక్ ఇస్తుంది. అది రిపోర్టుని తన డేటాబేస్‌లో పూర్తిగా రాసుకున్నాకే ఆక్ పంపే రకం కాబట్టి, ఆ వరదలో ఒక్కో ఆక్‌కి ఏడెనిమిది సెకన్లు పట్టింది. మిర్త్‌లో టీసీపీ సెండర్ (అవతలికి పంపే భాగం) రెస్పాన్స్ టైమౌట్ డిఫాల్టుగా 5000 మిల్లీసెకన్లు. అంటే ఐదో సెకనుకే ‘జవాబు రాలేదు’ అని తీర్మానించి కనెక్షన్ తెంపేసి, ఆ మెసేజ్‌ని క్యూలోనే ఉంచుకుంటుంది. అవతల హాస్పిటల్ సాఫ్ట్‌వేర్ మాత్రం ఏడో సెకనుకి రిపోర్టు రాసేసుకుంది. రిట్రై ఇంటర్వెల్ 10000 మిల్లీసెకన్లు గడవగానే అదే రిపోర్టు మళ్లీ వెళ్లింది, మళ్లీ రాసుకుంది. ఒక పేషెంట్ ఫైల్లో ఒకే పొటాషియం విలువ మూడు వరుసలుగా కనిపించింది. డ్యూటీ డాక్టరు దాన్ని మూడు వేర్వేరు శాంపిళ్లుగా చదివితే ఏమవుతుందో ఆలోచించండి.

అంతసేపూ మిర్త్ డ్యాష్‌బోర్డు నిండుగా పచ్చగానే ఉంది. ‘సెంట్’ కింద ఒక్కో మెసేజ్‌కి ఒకటే లెక్క, ‘ఎర్రర్డ్’ కింద సున్నా. దాని దృష్టిలో ఏ తప్పూ జరగలేదు, చివరికి ఆక్ వచ్చింది కాబట్టి పని అయినట్టే. అసలు సంగతి మెసేజ్ బ్రౌజర్‌లోని ‘సెండ్ అటెంప్ట్స్’ కాలమ్‌లో ఉంటుంది. అడ్వాన్స్‌డ్ సెర్చ్‌లో సెండ్ అటెంప్ట్స్ కనీసం 2 అని పెట్టి వెతికితే రెండు, అంతకంటే ఎక్కువసార్లు పంపినవన్నీ బయటపడతాయి. లైను పోయి వచ్చిన ప్రతిసారీ చేయాల్సిన మొదటి పని ఈ వెతుకులాటే. అయితే అందులో కనిపించినవన్నీ డూప్లికేట్లే అనుకోవద్దు. కనెక్షనే దొరక్క మళ్లీ ప్రయత్నించినవీ ఆ జాబితాలోనే ఉంటాయి. కాబట్టి శాంపిల్ నంబరుతో హాస్పిటల్ వైపు సరిచూసుకోవాలి.

సరిదిద్దే పని రెండు వైపులా ఉంది. మన వైపు రెస్పాన్స్ టైమౌట్‌ని 60000కి పెంచాం. మెసేజ్ పంపాక లైను చచ్చిపోతే ఆ సంగతి నిమిషం ఆలస్యంగా తెలుస్తుంది, దానికి సిద్ధపడే ఉన్నాం. హాస్పిటల్ వైపు ఎంఎస్‌హెచ్-10లోని (మెసేజ్ హెడర్‌లో పదో ఫీల్డ్) కంట్రోల్ ఐడీ, అంటే ఆ మెసేజ్ గుర్తింపు నంబరు చూసి, ఇంతకుముందు వచ్చిందే అయితే రాసుకోకుండా ఏఏ (‘తీసుకున్నాం’) అని మాత్రం జవాబివ్వాలి. క్యూ నుంచి మళ్లీ పంపేటప్పుడు మిర్త్ అదే మెసేజ్‌ని అదే కంట్రోల్ ఐడీతో పంపుతుంది కాబట్టి ఈ పద్ధతి పనిచేస్తుంది. ఒక్క జాగ్రత్త: క్యూ సెట్టింగుల్లో ‘రీజనరేట్ టెంప్లేట్’, దాని కింద ‘ఇన్‌క్లూడ్ ఫిల్టర్/ట్రాన్స్‌ఫార్మర్’ ఆన్‌లో ఉండి, ట్రాన్స్‌ఫార్మర్‌లో ఎంఎస్‌హెచ్-10ని అప్పటి టైముతో నింపుతుంటే, ప్రతి ప్రయత్నానికీ కొత్త ఐడీ పుడుతుంది. అప్పుడు అవతలివాళ్లు ఎంత శ్రద్ధగా చూసినా డూప్లికేట్‌ని పట్టుకోలేరు. శాంపిల్ బార్‌కోడ్, టెస్ట్ కోడ్, రిపోర్టు వెర్షన్ కలిపి ఐడీ కట్టడం మేలు. కాకపోతే హెచ్‌ఎల్‌7లో ఈ ఫీల్డ్ పొడవు పాత వెర్షన్లలో 20 అక్షరాలే, అది చూసుకోండి.

‘రోటేట్ క్యూ’ (పోని మెసేజ్‌ని వెనక్కి నెట్టి తర్వాతిది పంపడం) ఆన్ చేయమని, క్యూ థ్రెడ్లు (ఒకేసారి పంపేవాటి సంఖ్య) పెంచమని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. ల్యాబ్ రిపోర్టులకి రెండూ వద్దు. వరుస తప్పితే సవరించిన రిపోర్టు ముందు చేరి, దాని మీద పాత రిపోర్టు వచ్చి కూర్చుంటుంది.

దీన్ని తుఫాను కోసం ఆగకుండా ముందే పరీక్షించవచ్చు. మిర్త్‌లోనే ఇంకో ఛానల్‌ని నకిలీ హాస్పిటల్‌గా పెట్టి, సోర్స్ క్యూ ఆఫ్ చేసి, ఆక్‌ని డెస్టినేషన్లు పూర్తయ్యాక ఇచ్చేలా ఎంచి, ప్రీప్రాసెసర్‌లో పది సెకన్లు నిద్రపోయేలా థ్రెడ్.స్లీప్ రాయండి. ఐదు సెకన్ల టైమౌట్‌తో అటు మెసేజ్‌లు వదిలితే, ఒకటి పంపిన చోట ఎన్ని చేరుతున్నాయో కళ్లెదుటే కనిపిస్తుంది. హాస్పిటల్ సాఫ్ట్‌వేర్ వాళ్లతో మాట్లాడేటప్పుడు ఇది చూపిస్తే వాదన ఉండదు.

క్యూ డేటాబేస్‌లో ఉంటుంది కాబట్టి డిస్కు సంగతీ చూసుకోవాలి. రిపోర్టు పీడీఎఫ్‌ని బేస్64గా (మామూలు అక్షరాలుగా మార్చి) ఓబీఎక్స్‌లో (ఫలితం ఉండే సెగ్మెంట్) పెట్టి పంపితే సైజు మూడో వంతు పెరుగుతుంది, అదీ ప్రతి దశలోనూ ఒక కాపీగా నిల్వ అవుతుంది. పాత మెసేజ్‌లు చెరిపే డేటా ప్రూనర్‌ని మనమే ఆన్ చేసి, ఛానల్‌లో ఎన్ని రోజులో చెప్పాలి. చెప్పకపోతే ఎప్పటికీ ఉంచేస్తుంది. చెరిపాక కూడా పోస్ట్‌గ్రెస్ ఆ జాగాని తన దగ్గరే ఉంచుకుని తిరిగి వాడుకుంటుంది, డిస్కులో ఖాళీ వెంటనే కనిపించదు.

4.5.2 దాకా మిర్త్ ఉచితమే అయినా, ఆ మాటకి హద్దులున్నాయి. సీరియల్ పోర్టు కనెక్టరు, ఏఎస్‌టీఎం ఈ1381 పద్ధతి (ఎనలైజర్లు మాట్లాడే తీరు), ఎస్‌ఎస్‌ఎల్ మేనేజరు (ఎన్‌క్రిప్టెడ్ కనెక్షన్‌కి) డబ్బిచ్చి కొనే ప్లగిన్లు. ఆర్‌ఎస్-232తో (సీరియల్ కేబులు) మాట్లాడే పాత ఎనలైజరుని నేరుగా మిర్త్‌కి కలపాలంటే కన్వర్టరు పెట్టి, ఈఎన్‌క్యూ-ఆక్ (‘పంపనా’, ‘పంపు’) సంభాషణ నడిపే చిన్న ప్రోగ్రామ్ విడిగా రాసుకోవాలి. ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కోసం ఎఫ్‌హెచ్‌ఐఆర్ (హెచ్‌ఎల్‌7 వారి కొత్త ప్రమాణం) బండిల్ కావాలన్నా జావాస్క్రిప్ట్‌లో చేత్తో కట్టుకోవాల్సిందే.

వెర్షన్ విషయం. 2025 మార్చిలో వచ్చిన 4.6 నుంచి మిర్త్ పూర్తిగా కమర్షియల్ అయిపోయింది. ఓపెన్ సోర్సుగా వచ్చిన చివరిది 4.5.2. దాని నుంచి ఓపెన్ ఇంటిగ్రేషన్ ఇంజిన్, బ్రిడ్జ్‌లింక్ అనే రెండు శాఖలు పుట్టాయి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఈ రెండిట్లో ఒకటి చూసుకోవడం నయం. 4.4.1 కంటే పాతది ఎక్కడైనా నడుస్తుంటే ఇవాళే మార్చండి. పాస్‌వర్డ్ లేకుండానే బయటివాళ్లు సర్వరు మీద కమాండ్లు నడపగల లోపం, సీవీఈ-2023-43208, దానిలో ఉంది. ఏ వెర్షనైనా 8443 పోర్టుని (మిర్త్ అడ్మిన్ పోర్టు) ఇంటర్నెట్‌కి తెరిచి పెట్టకూడదు.

ఒక ల్యాబ్, ఒక హాస్పిటల్, జావాస్క్రిప్ట్ చదవగలిగే మనిషి ఒకరు, నమ్మకం లేని లైను: ఈ నాలుగూ ఉన్న మాకు దీన్ని మార్చాలనిపించలేదు. అవతలి సాఫ్ట్‌వేర్ కంట్రోల్ ఐడీ చూడనంటే మాత్రం లెక్క మారుతుంది. అలాంటి చోట ‘క్యూ ఆన్ రెస్పాన్స్ టైమౌట్’ని ‘నో’ చేయాలి. అప్పుడు జవాబు రానివి మళ్లీ వెళ్లకుండా ఎర్రర్‌లో ఆగుతాయి. అవి చేరాయో లేదో హాస్పిటల్‌కి ఫోన్ చేసి కనుక్కుని, చేరనివాటినే మళ్లీ పంపే మనిషి పొద్దున, సాయంత్రం ఉండాలి. ఆ మనిషి లేని ల్యాబ్‌కి దీన్ని పెట్టుకోమని చెప్పలేను.