ముందే రాసుకోవడమా, గుమాస్తా పక్కన కూర్చోవడమా: ఏది మేలు?

సాఫ్ట్‌వేర్ చేసే ముందు వాడేవాళ్లకు ఏం కావాలో తేల్చుకోవడాన్ని మా పనిలో రిక్వైర్‌మెంట్స్ అంటాం. దానికి రెండు దారులు. మొత్తం ముందే రాసి, సంతకం తీసుకుని కోడ్ మొదలెట్టడం ఒకటి. వాడేవాళ్ల పక్కన కూర్చుని, కొంచెం కొంచెంగా చేసి చూపిస్తూ తెలుసుకోవడం రెండోది. తణుకు వైపు రైస్ మిల్లులకు లెక్కల సాఫ్ట్‌వేర్ చేస్తూ రెండూ చూశాను.

మొదటి మిల్లుకి నలభై పేజీలు రాశాను. ఓనరు గారు రెండు పేజీలు తిరగేసి "అంతా బానే ఉందండీ" అని సంతకం పెట్టేశారు. మూడు నెలలయ్యాక ప్రోగ్రాం తెరిస్తే స్టాకు ఒక్క రోజూ కలవలేదు. నేను బస్తా అంటే ఒకటే కొలత అనుకున్నాను. గుమాస్తా గారు నవ్వేశారు. "ధాన్యం బస్తా డెబ్బై అయిదు కేజీలండీ. బియ్యం బస్తా వేరు కదండీ మరి! అది ఇరవై ఆరూ ఉంటది, యాభయ్యీ ఉంటది." నలభై పేజీల్లో ఆ ఒక్క ముక్క లేదు. చదివింది ఓనరు, వాడేది గుమాస్తా. నా అసలు తప్పు అక్కడుంది.

అలాగని రాత పనికిరాదని కాదు. ఐఈఈఈ అనే ఇంజనీర్ల సంస్థ 1998లో ఇచ్చిన 830 ప్రమాణం మంచి రిక్వైర్‌మెంట్‌కి ఉండాల్సిన లక్షణాలు చెప్పింది. ఒకటే అర్థం రావాలి, ఒకదానికొకటి అడ్డుపడకూడదు, సరిగా ఉందో లేదో పరీక్షించి చూడగలగాలి, మార్చుకోవడం తేలికవ్వాలి. "స్పీడ్‌గా ఉండాలి" అని రాస్తే రేపు గొడవే. "ట్రాక్టరు కాటా దిగేలోపు చీటీ చేతికి రావాలి" అని రాస్తే ఎవరైనా నిలబడి చూసి చెప్పొచ్చు.

మార్చుకోవడం సంగతికొస్తే ఆ 26 కేజీల సంచే చూడండి. 2022 జూలైలో 25 కేజీల వరకు ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం మీద 5 శాతం జీఎస్టీ పడింది. దాంతో ఆ హద్దు దాటేలా 26 కేజీల సంచి బజారులోకొచ్చింది. సంచి బరువును కోడ్‌లో బిగించేసినవాళ్లు మళ్లీ విప్పుకోవాల్సిందే. ప్రభుత్వ కొనుగోలులో ధాన్యం తేమకున్న 17 శాతం హద్దు కూడా అంతే, సెట్టింగ్‌లో ఉండాల్సిన అంకె.

రెండో మిల్లులో దాళ్వా (రెండో పంట) కోతలప్పుడు నాలుగు రోజులు కాటా దగ్గరే కూర్చున్నాను. ఎండ సంగతి అడక్కండి. తరుగు, అంటే ధాన్యం బరువులో కోత, ఎలా తీస్తారో అక్కడే అర్థమైంది. తేమకి ఇంత, తాలుకి ఇంత అని ఓనరు గారు లెక్క చెప్పారు. కాటా దగ్గర మాత్రం పాత రైతు వస్తే గుమాస్తా గారు పిడికెడు గింజలు కొరికి చూసి, తరుగు కొంచెం తగ్గించి రాసేవారు. ఆ వెసులుబాటుకి గడి లేకపోతే ఆయన పక్కన ఇంకో నోటుబుక్ పెట్టుకుంటారు. ఇక మన సాఫ్ట్‌వేర్ అలంకారానికే. ఇలాంటివి అడిగితే ఎవరూ చెప్పరు, వాళ్లకది చెప్పాల్సిన విషయంలా తోచదు.

కూర్చోవడంలోనూ చిక్కుంది. చూపించిన ప్రతిసారీ కొత్త కోరిక పుడుతుంది. హమాలీ కూలి లెక్క, ఊక అమ్మకం, ఆఖరికి ఓనరు గారి కొబ్బరితోట ఖాతా కూడా. డబ్బులిచ్చే రోజున "ఇది ముందే అన్నాను కదండీ" అంటే, కాగితం లేకుండా నా దగ్గర జవాబు లేదు.

గవర్నమెంటు టెండరైతే వేరే దారి లేదు, ముందే అంతా రాయాల్సిందే. మిల్లుకైతే నా ఓటు కూర్చోవడానికే. ఆ తర్వాత రెండు పేజీలు రాస్తాను, డబ్బు మారే చోట్లు మాత్రమే: బస్తా బరువులు, తరుగు, పైసల సవరింపు (రౌండింగ్), ఎవరు ఏది దిద్దొచ్చో. అది ఓనరుకే కాదు, గుమాస్తాకీ చదివి వినిపిస్తాను.

రెండో మిల్లులో అలాగే చదివాను. గుమాస్తా గారు సంతకానికి ముందు పెన్ను అడిగి, నేను రాసిన "ఖరీఫ్, రబీ" కొట్టేసి, "సార్వా, దాళ్వా" అని రాసిచ్చారు.